ఈతకని పిలిచిన ఫెలీ అక్క

"కవర్లు ఇచ్చారా, లేదా? అదొక్కటి చెప్పండి."

"ఇచ్చాను."

"చూశారా, మీ నోటితోనే ఒప్పుకున్నారు."

"ఇంకెవరి నోటితో ఒప్పుకోవాలి? ఇచ్చింది నేను. ఆ డబ్బూ నాదే డారెన్ గారూ. కౌన్సిల్‌ది కాదు, బడిది కాదు. నా కారుకి చలికాలం టైర్లు వేయించుకుందామని దాచుకున్నది."

"ఎవరి డబ్బని నేను అడగట్లేదు. కాసినోలో పనిచేసిన వలంటీర్లకి జీతం ఇవ్వకూడదు. అది రూలు."

"మరి భోజనం పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు."

"బస్సు ఛార్జీ?"

"రసీదు చూపిస్తే ఇవ్వొచ్చు. నలభై డాలర్లు కవర్లో పెట్టి చేతికిస్తే దాన్ని కూలి అంటారు."

"నొనోయ్ మామ ఆ రోజు మాంసం ఫ్యాక్టరీలో షిఫ్టు వదులుకుని వచ్చాడు. రెండొందలు పోయింది. నేనిచ్చింది నలభై. ఇంత తక్కువ కూలికి వచ్చే మనుషుల్ని ఎక్కడైనా చూశారా మీరు? చూస్తే నాకూ చెప్పండి, మా లాండ్రీలో ఇద్దరు కావాలి."

బడి లైబ్రరీ తలుపు సగం తెరిచి ఉంది. నేను వరండాలో ఉన్నాను. మంచు బూట్లు గుమ్మం దగ్గరే విప్పేయాలి కాబట్టి సాక్సులతో నిలబడ్డాను. చెల్లెలు తింతిన్‌ని హోంవర్కు క్లబ్బు నుంచి తీసుకెళ్ళడానికి వచ్చిన వాణ్ణి, లోపలి గొంతులు విని కదలలేకపోయాను. సాక్సులకి చప్పుడుండదు కదా, నేనున్నట్టు వాళ్ళకి తెలియదు.

డారెన్ పాలమార్చుక్ తల్లిదండ్రుల కౌన్సిల్‌కి అధ్యక్షుడు. ఇళ్ళు అమ్మిపెట్టే వ్యాపారం. ఆయన గొంతు తగ్గించాడు. తగ్గిస్తే ఇంకా బాగా వినబడింది.

"చూడండి ఫెలీ, మనలో మనకి గొడవెందుకు? కవర్ల సంగతి నేను విననట్టే ఉంటాను. మీరు లైట్ల బోర్డు చెక్కు మీద సంతకం పెట్టేయండి. రెండు సంతకాలుండాలి. నాది అయింది. మీదొక్కటే మిగిలింది."

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే కాసినోలు చూసే ఆఫీసుకి నేను ఫోన్ చేయక తప్పదు. నాకిష్టమై కాదు. అధ్యక్షుణ్ణి కదా, తెలిసీ ఊరుకోకూడదు."

"నేను సంతకం పెడితే మాత్రం తెలిసినా ఊరుకోవచ్చన్నమాట."

కుర్చీ జరిగిన చప్పుడైంది. ఫెలీ అక్క బయటికొచ్చి, సాక్సులతో నిలబడ్డ నన్ను చూసింది.

"ఎక్కడ్నించి విన్నావురా?"

"కవర్ల దగ్గర్నించి."

"అంటే మొత్తం విన్నావు. చెల్లి ఏది? టోపీ పెట్టు దానికి, బయట చెవులు రాలిపోతున్నాయి."

ఫెలిసిటాస్ అబ్రెనికా అని అడిగితే ఎడ్మంటన్ నగరం ఉత్తరం వైపు మా పేటలో ఎవరూ ఇల్లు చూపించలేరు. ఫెలీ అక్క అంటే చిన్నపిల్లలైనా చూపిస్తారు. పుట్టింది మావాళ్ళ దేశంలోనే, పనాయ్ అనే దీవిలో, చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళో. పాతికేళ్ళు నిండకుండానే హాంకాంగ్ వెళ్ళి ఎవరి కవల పిల్లలనో పెంచింది. తర్వాత ఇక్కడికొచ్చి చక్రాల కుర్చీలో ఉన్న ఒక పెద్దాయనకి స్నానాలు చేయించి, అన్నం తినిపించింది. ఆ మధ్యలో పుట్టిన తన కొడుకు జోలో మాత్రం అమ్మమ్మ దగ్గర పెరిగాడు. కాగితాలన్నీ కుదిరి వాణ్ణి తెచ్చుకునేసరికి వాడికి ఏడేళ్ళు. విమానాశ్రయంలో వాడు ఆమెను "మీరు" అని పిలిచాడట. ఆ సంగతి నవ్వుతూ చెబుతుంది. భర్త గురించి చెప్పదు, మేం అడగం. ఇప్పుడు ఆసుపత్రి లాండ్రీలో పని. దుప్పట్లు యంత్రంలోంచి ఆవిరి కక్కుతూ వస్తుంటే మడతపెట్టి పేర్చడం.

ఆమె కోశాధికారి అయిన తీరు వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఏటా సెప్టెంబరులో బడిలో ఎన్నిక జరుగుతుంది. ఎన్నిక అని పేరే కానీ, ఎవరు దొరుకుతారా అని చూడ్డమే. కోశాధికారిగా ఎవరుంటారని అడగ్గానే గదిలో అందరూ తమ తమ సాక్సులు చూసుకున్నారు. ఫెలీ అక్క ఒక్కతే చెయ్యెత్తింది. మిగిలిన డోనట్లు వరండాలో ఆడుకుంటున్న పిల్లలకి పంచొచ్చా అని అడగడానికి ఎత్తింది. ఆమె నోరు తెరిచేలోపు అందరూ చప్పట్లు కొట్టేశారు. "దించితే బాగుండదని అలాగే ఉంచాను" అంటుంది.

లెక్కల్లో ఆమె గట్టిది కాదు. ఒకే వరుస రెండుసార్లు కూడితే రెండు మొత్తాలొస్తాయి. జోలో చూసి సరిదిద్దుతాడు. ఆమెకు అంకెలు గుర్తుండవు కానీ మనుషులు గుర్తుంటారు. ఎవరు ఇచ్చారు, అడిగినప్పుడు తను వాళ్ళకి ఏమని చెప్పింది, అవి మరిచిపోదు. పోయినేడు బడిలో పిజ్జాలు అమ్మిన రోజున కొత్త బంతులకని మూడు డాలర్లు ఎక్కువిచ్చిన ఒకావిడకి, బంతులు కొన్నాక ఒక బంతి తీసుకెళ్ళి చూపించి వచ్చింది. ఆవిడ ఏదో అమ్మడానికొచ్చిందనుకుని తలుపు వేసేసుకుందట.

ఇక కాసినో సంగతి. ఇది చెబుతుంటే నాకు ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది. మా రాష్ట్రంలో బడి పిల్లలకి కావాల్సినవన్నీ ప్రభుత్వం ఇవ్వదు. పుస్తకాలిస్తుంది, టీచర్లనిస్తుంది. ఈత నేర్పడానికి కొలనుకి తీసుకెళ్ళే బస్సుకి ఇవ్వదు. దానికి బదులు ఒక దారి చూపిస్తుంది. మూడేళ్ళకోసారి మీ కౌన్సిల్‌కి వంతు వస్తుంది, రెండు రోజులు వచ్చి కాసినోలో జీతం లేకుండా పనిచేయండి, జూదంలో వచ్చిన దాంట్లో మీకో వాటా ఇస్తాం అంటుంది. తల్లులు, తండ్రులు వెళ్ళి డబ్బుకి బదులు ఆడే చిప్స్ బిళ్ళలు మోయాలి, గెలిచినవాళ్ళకి నోట్లు లెక్కపెట్టివ్వాలి. హైవేకి అవతల ఉన్న బడికి ఇది పెద్ద పనికాదు. అక్కడ లాయర్లున్నారు, పింఛను మీద బతికే తాతయ్యలున్నారు. మా బడిలో ఉన్నది గంటల లెక్కన బతికేవాళ్ళు. ఒక రోజు పనికి వెళ్ళకపోతే ఆ వారం సామాన్లు తగ్గుతాయి. అయినా రూలు ఇద్దరికీ ఒకటే. ఒకే రూలు కాబట్టి న్యాయమట. చదువుకున్న వాళ్ళు నాకు ఇలాగే చెప్పారు.

కాసినో వంతు రావడానికి ముందు ఏడాది బస్సుకి డబ్బు లేదు. నాలుగో తరగతి పిల్లల ఈత రద్దయింది. జోలో అప్పుడు నాలుగో తరగతి. ఆ ఎండాకాలం వాడి స్నేహితుడి పుట్టినరోజు ఈతకొలనులో చేశారు. ఫెలీ అక్క కొడుకుని తీసుకురావడానికి వెళ్ళేసరికి పిల్లలందరూ నీళ్ళలో ఉన్నారు. జోలో ఒక్కడే బట్టలతో గట్టు మీద కూర్చుని అందరి తువ్వాళ్ళూ ఒళ్ళో పెట్టుకుని కాపలా కాస్తున్నాడు. "నేను కాస్తానని నేనే అడిగానమ్మా" అన్నాడట. ఆమె నడవడం కంటే ముందు ఈదడం నేర్చిన మనిషి. ఇంటికొచ్చాక చాలాసేపు గిన్నెలు తోముతూనే ఉంది, అప్పటికే తోమినవి కూడా.

అందుకే మా కౌన్సిల్‌కి కాసినో వంతు వచ్చినప్పుడు మనుషుల్ని పోగుచేసే పని ఆమే నెత్తినేసుకుంది. చర్చి మెట్ల మీద, బస్టాపుల్లో, మాంసం ఫ్యాక్టరీ గేటు దగ్గర, ఎక్కడ ఎవరు కనబడినా ఒకటే మాట. "ఒక్క రోజు ఇవ్వు. నాలుగో తరగతి పిల్లలకి ఈత."

నొనోయ్ మామని అడిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆయన ఆ కాసినోకి పాత చుట్టం.

"నేను ఎదురు డబ్బులిచ్చి వెళ్ళే చోటికి ఊరికే పనిచేయడానికి రమ్మంటావా?" అన్నాడు.

"నువ్వు ఇన్నేళ్ళు పోసిందంతా అక్కడే ఉంది మామా. వచ్చి కొంచెం వెనక్కి పట్టుకుపోదాం."

"అదేదో ముందే చెప్పొచ్చుగా! ఎన్నింటికి రావాలి?"

పిల్లల సంరక్షణ కేంద్రంలో పనిచేసే హోదాన్ మొదట రానంది. సోమాలియా ఆవిడ, జూదం పాపమని నమ్మే మనిషి. ఫెలీ అక్క ఆమెకి వంటగదిలో వలంటీర్ల భోజనాలు చూసే పని ఇచ్చింది. "నువ్వు చిప్స్ ముట్టుకోవద్దు. అన్నం పెట్టు చాలు" అంది. నన్నయితే అడగను కూడా అడగలేదు. "గురువారం పొద్దున తొమ్మిదికి బస్టాపులో ఉండు. నల్ల ప్యాంటు వేసుకో. చిరుగులు లేనిది" అంది. కాలేజీ మధ్యలో వదిలేసి గోడౌన్‌లో పెట్టెలు మోస్తున్న వాడికి చిరుగులు లేని ప్యాంటు ఉంటుందని ఆమెకి ఎలా తెలిసిందో. ఉందొకటి.

ఆ రోజు నేను టేబుళ్ళకి చిప్స్ మోశాను. ఆమె కిటికీ దగ్గర కూర్చుంది. గెలిచినవాళ్ళు చిప్స్ తెచ్చి డబ్బు మార్చుకునే కిటికీ అది. నొనోయ్ మామని అక్కడి పనివాళ్ళు పేరు పెట్టి పలకరిస్తుంటే ఆయన మొహం ఎర్రబడింది. మధ్యాహ్నం ఒక టేబుల్ దగ్గర మా బడి పిల్ల తండ్రి ఒకాయన కనిపించాడు. తింతిన్ పక్క బల్ల మీద కూర్చునే పిల్ల తండ్రి. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. నేనూ తిప్పుకున్నాను. సాయంత్రం షిఫ్టు దిగేటప్పుడు ఫెలీ అక్కని అడిగాను, ఆయన కిటికీ దగ్గరికి వచ్చాడా అని.

"రాలేదు" అంది.

రాలేదంటే మార్చుకోవడానికి ఏమీ మిగల్లేదని. తన కూతురి ఈతకి తనే కట్టాడు ఆ మనిషి. సగం పైగా మధ్యలో వాళ్ళూ వీళ్ళూ తీసుకున్నాక మిగిలింది మాకు. దీన్ని సహాయ కార్యక్రమం అంటారు. గోడ మీద ఫ్రేము కట్టి పెట్టారు, నవ్వుతున్న పిల్లల బొమ్మలతో.

బయట బస్టాపులో ఫెలీ అక్క చేతిసంచీలోంచి తెల్ల కవర్లు తీసింది. మాలో జీతం పోగొట్టుకుని వచ్చినవాళ్ళలో ఒక్కొక్కరి చేతిలో ఒకటి పెట్టింది, నా చేతిలోనూ. నొనోయ్ మామ తీసుకోనన్నాడు. ఆమె వినలేదు.

"జీతం కాదు మామా. మా ఊళ్ళో పడవ ఒడ్డుకి లాగేటప్పుడు దారినపోయే వాడు చెయ్యి వేసినా సరే, నాలుగు చేపలిచ్చి పంపుతారు. ఉత్తచేతులతో పంపితే ఆ ఇంటివాళ్ళు మొహం ఎత్తుకుని తిరగలేరు. ఇవి చేపలు. పట్టుకెళ్ళి పిల్లలకి ఏదైనా కొను."

పడవ లాగినవాడికి చేపలివ్వడం మా వాళ్ళందరికీ తెలిసిన మర్యాద. అందులో తప్పు ఉంటుందని ఆ బస్టాపులో మాలో ఒక్కరికీ తోచలేదు. ఆ చలికాలమంతా ఆమె కారు ఇంటి ముందే మంచులో పూడుకుపోయి ఉంది. ఆమె బస్సులో తిరిగింది. బండికి ఏదో చెడిందని చెప్పింది. టైర్లని అప్పుడు చెప్పలేదు.

డబ్బు జనవరికి చేతికొచ్చింది. డెబ్బై వేల డాలర్ల పైన. మూడేళ్ళు ఈత బస్సుకి సరిపోగా ఇంకా మిగులుతుంది. డారెన్ ఒక బుధవారం మధ్యాహ్నం మూడున్నరకి మీటింగు పెట్టాడు. బుధవారం మధ్యాహ్నం మా పేటలో ఇంట్లో ఎవరుంటారు? పిల్లులుంటాయి. ఆరుగురు వచ్చారు. ఫెలీ అక్క లాండ్రీలో ఉంది. బడి ముందు రంగు లైట్లతో అక్షరాలు కదిలే పెద్ద బోర్డు పెట్టాలని, మిగతాదానితో ట్యాబ్లెట్ కంప్యూటర్లు కొనాలని నిర్ణయించారు. బోర్డు పెట్టే కంపెనీ డారెన్ బావమరిదిది. ఈ సంగతి ఆయన దాచలేదు. మూడు కంపెనీల ధరలు తెప్పించాడు, బావమరిది ధరే తక్కువ. చేతులెత్తే సమయానికి ఆయన బయటికెళ్ళి వరండాలో నిలబడ్డాడు. అది కూడా మీటింగు పుస్తకంలో రాయించాడు. రూలు ప్రకారం వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. అదే నాకు కాలింది. మనిషి వరండాలో నిలబడితే చేతులు కడుక్కున్నట్టే!

డారెన్ దుర్మార్గుడని నేననను. మంచు పడ్డ రోజు బడి మెట్లు తనే తవ్వుతాడు. ఏటా పిల్లలు తగ్గిపోతున్నారని, ఇలాగే తగ్గితే బడి మూసేస్తారని ఆయన భయం. దారినపోయే కొత్తవాళ్ళు బోర్డు చూసి పిల్లల్ని చేర్పిస్తారని నిజంగానే నమ్ముతాడు. బోర్డు మీద బయట చలి ఎంతుందో కూడా కనిపిస్తుందని ఎంతో సంబరంగా చెప్పాడు. మా పేటలో చలి ఎంతుందో తెలియని వాడు ఎవడైనా ఉంటే చూపించండి. సాక్సుల్లోనే తెలుస్తుంది.

చెక్కు ఫెలీ అక్క ముందుకొచ్చినప్పుడు ఆమె సంతకం పెట్టలేదు.

"ఓటు అయిపోయిందండీ. మీ పని సంతకం పెట్టడమే" అన్నాడు డారెన్.

"నేను వాళ్ళని ఈతకని చెప్పి పిలిచాను. బోర్డుకని చెప్పి ఉంటే ఎంతమంది వచ్చేవాళ్ళు? నొనోయ్ మామ వచ్చేవాడా?"

"ఎందుకని చెప్పి పిలిచారో నాకేం తెలుసు? డబ్బు కౌన్సిల్‌ది. కౌన్సిల్ ఏం చెబితే అది."

"అయితే ఆదివారం మీటింగు పెట్టండి. పనిచేసిన వాళ్ళు వచ్చి చెబుతారు. వాళ్ళు కూడా బోర్డే అంటే పెట్టేస్తాను, రెండు చేతులా పెడతాను."

ఆదివారం మీటింగు పెట్టడానికి బడి తెరిచి ఉండదట. కాపలా మనిషికి అదనపు జీతం ఇవ్వాలట. దానికి డబ్బు లేదట. డెబ్బై వేలు ఒళ్ళో పెట్టుకుని ఈ మాట!

ఈ లాగుడు నెలపాటు నడిచింది. ఫిబ్రవరిలో సాయంత్రం పూట మామూలు మీటింగు జరిగింది. హోదాన్ మొదటిసారి వచ్చింది. లేచి నిలబడి, తలమీది గుడ్డ సరిచేసుకుని, ఇంట్లో సాధన చేసుకొచ్చిన మాటలు మెల్లగా చెప్పింది. ఈ దేశమొచ్చాక ఎన్నో చోట్ల ఊరికే పనిచేశానని, ఎవరూ తిరిగి చూడలేదని, ఈ కౌన్సిల్ మాత్రం తనని మనిషిలా చూసి కవర్లో దారి ఖర్చులిచ్చి పంపిందని, అందుకు అందరికీ కృతజ్ఞతలని చెప్పింది. డారెన్ చేతిలో కలం ఆగిపోయింది. ఆవిడ కూర్చున్నాక పక్కనున్నామె వంగి ఆవిడ చెవిలో ఏదో చెప్పింది. హోదాన్ రెండు చేతులతో నోరు మూసుకుంది.

తర్వాత బూట్ల అరల దగ్గర ఏడుస్తుంటే ఫెలీ అక్క ఆమె బూటు జిప్పు తనే పెట్టింది.

"థాంక్స్ చెప్పినందుకు ఏడుస్తారా ఎవరైనా? ఇన్నాళ్ళలో ఆ గదిలో ఎవరైనా మంచి మాట అన్నారంటే అది నువ్వే."

ఆ మర్నాడు సాయంత్రమే నేను వరండాలో విన్న గొడవ.

విన్నది విన్నట్టు వెళ్ళి నొనోయ్ మామకి చెప్పాను. ఆదివారం చర్చి అయ్యాక ఆయన వంటింట్లో చేరాం. కాసినోలో పనిచేసిన వాళ్ళం సగం మంది ఉన్నాం. మామ రొయ్యలు వేసిన నూడుల్స్ పెద్ద బేసినుతో మధ్యలో పెట్టాడు. ఎవరూ తినట్లేదు.

"ఎవరూ ఏమీ తీసుకోలేదు. కవర్లే లేవు. ఎవడేం చేస్తాడో చూస్తా" అన్నాను.

"హోదాన్ అందరి ముందూ చెప్పింది కదరా" అన్నాడు మామ.

హోదాన్ కళ్ళు తుడుచుకుంది. "కవర్లో ప్రార్థన రాసిన కాగితం ఉందని చెబుతాను. దారి కోసం ప్రార్థన."

"నలభై డాలర్ల ప్రార్థనా!" అని మామ నవ్వాడు. అందరం నవ్వాం. ఆ నవ్వులోనే తీర్మానం అయిపోయింది. అడిగితే అందరిదీ ఒకటే మాట, కవర్లు లేవు. ముందు నన్ను అడిగితే ముందు నేనే చెబుతాను. నాకు గర్వంగా కూడా అనిపించింది. బావమరిదికి బోర్డు ఇప్పించుకున్న మనిషి వరండాలో నిలబడి శుభ్రంగా బయటపడొచ్చు, టైర్లు మానుకుని నలుగురికి దారి ఖర్చులిచ్చిన మనిషి దొంగలా నిలబడాలా? అలాంటి రూలుకి అబద్ధమే సరైన జవాబు అనుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం ఫెలీ అక్క ఫోన్ చేసింది. విరామంలో ఉన్నాను, ఆసుపత్రి వెనక గేటుకి రా అంది. వెళ్ళేసరికి లాండ్రీ గోడలోంచి ఆవిరి వచ్చే గొట్టం కింద నిలబడి ఉంది. అక్కడ మంచు నిలవదు, వెచ్చగా ఉంటుంది. చేతిలో డబ్బా ఉంది, అన్నం, ఎండు చేప. సగం నాకు తోసింది.

"ఫోన్ చేశాను" అంది.

"ఎవరికి?"

"ఆ ఆఫీసుకే. నేనే చేశాను. కవర్లిచ్చాను, నా డబ్బు, ఇన్ని కవర్లు, ఇలా జరిగిందని చెప్పాను."

నా నోట్లో అన్నం అలాగే ఉండిపోయింది.

"పిచ్చి పట్టిందా అక్కా నీకు? మేమందరం కలిసి..."

"తెలుసు. ప్రార్థన కాగితం. హోదాన్ వచ్చి చెప్పింది. ఐదు పూటలా నమాజు చేసే మనిషి చేత నా కోసం అబద్ధం చెప్పిస్తారా? సిగ్గుందా మీకు?"

"ఆఫీసువాళ్ళేమన్నారు?"

"ఫోన్లో ఉన్న అమ్మాయి మంచిదే. నా చేత రెండుసార్లు చెప్పించుకుంది. విచారణ చేస్తారట. అది అయ్యేదాకా ఆ ఖాతాలోంచి ఎవరూ డబ్బు తీయకూడదట."

"అంటే బోర్డు ఆగింది."

"ఆగింది."

"బస్సు?"

ఆమె డబ్బా మూత పెట్టింది. "ఏప్రిల్ లోపల తేలితే మే నెలలో ఈతకెళ్తారు. తేలకపోతే లేదు."

"తింతిన్ ఈ ఏడే నాలుగో తరగతి."

"తెలుసు."

"తెలిసీ చేశావా? ఎవరి కోసం చేశావు? డారెన్ ఏం కోల్పోయాడు? వాడికి రేపు ఇంకో చెక్కు! నీ పదవి పోతుంది, నీ పేరు పోతుంది, మా చెల్లి గట్టు మీద కూర్చుని తువ్వాళ్ళు కాస్తుంది!"

తువ్వాళ్ళ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె మొహంలో ఏదో కదిలింది. అయినా గొంతు పెంచలేదు.

"సంతకం పెడితే ఈ ఏడే కాదు, మూడేళ్ళూ బస్సు లేదు. కవర్లు లేవని మీ చేత చెప్పిస్తే, ఇకమీదట ఆయన ఏ చెక్కు తెచ్చినా నేను పెట్టాల్సిందే. ఆయన హోదాన్ వైపు ఒకసారి చూస్తే చాలు, నా చెయ్యి కలం పట్టుకుంటుంది. నాకు మూడో దారి కనబడలేదురా. నీకు కనబడితే చెప్పు, వింటాను. కాలేజీకెళ్ళావుగా."

"వదిలేశాను."

"వదిలేసేముందు వెళ్ళావుగా."

నాకు దారేదీ కనబడలేదు. కోపం మాత్రం పొయ్యి మీద గిన్నెలా ఉంది. ఎవరి మీద పడాలో దానికే తెలియడం లేదు. రూలు మీదా, ఆ రూలు రాసినవాళ్ళ మీదా, వరండాలో నిలబడ్డ మనిషి మీదా, చేపలు పంచిన ఈమె మీదా? పిల్లల్ని నీళ్ళలో దింపడానికి తల్లులు జూదగాళ్ళ చిప్స్ లెక్కపెట్టాలి. ఆ తల్లుల చేతిలో నలభై డాలర్లు పెడితే మాత్రం విచారణ. ఇంత పెద్ద దేశానికి బడి పిల్లల పసుపు బస్సు ఒకటి లేదు.

లోపల గంట మోగింది. ఆమె గ్లవ్స్ తొడుక్కుంటూ తలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది.

"కవర్లు తీసుకున్న వాళ్ళ పేర్లు అడిగారు. నీ పేరు మొదట ఇచ్చాను. రేపు పొద్దున ఫోన్ చేస్తారు. నువ్వేం చెబితే మిగతావాళ్ళూ అదే చెబుతారు, నాకు తెలుసు, ఆదివారం చూశావుగా. అందుకే నిన్ను అడుగుతున్నాను జోమారూ. తీసుకున్నానని చెప్పు. నలభై అని చెప్పు, తగ్గించకు. ఎవరిచ్చారంటే నా పేరు చెప్పు. నన్ను మంచిదాన్ని చేసి మాట్లాడకు, డారెన్‌ని తిట్టకు, వాళ్ళకి అదంతా అక్కర్లేదు. కానీ ఆ గురువారం నిన్ను ఎందుకని చెప్పి పిలిచానో, అది మాత్రం వాళ్ళు అడగకపోయినా చెప్పు."